బుడగ పాడితేనే నీటికి గొంతు

నీళ్లకు సొంత గొంతు లేదు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. కనిపించిన వాళ్లందరినీ ఆపి చెబుతున్నాను. వాగు గలగల, కుళాయి కారే టప్ టప్, బిందె వంచితే వచ్చే గుడగుడ, మా బుక్కపట్నం చెరువు మరువ (అలుగు) పారుతుంటే చాలా దూరం వినిపించే హోరు, ఇవన్నీ నీళ్ల చప్పుళ్లనే కదా అనుకుంటాం. కావు! నీళ్లలో ఇరుక్కున్న గాలి చేసే చప్పుళ్లు అవి. ప్రతి గలగల వెనకా ఒక బుడగ ఉంటుంది. ఆ బుడగ పుట్టకపోతే వాగు దాదాపు మూగదే. ఇంత పెద్ద విషయం ఇంత కాలం మన కాళ్ల దగ్గరే పారుతూ ఉంటే, ఎవరూ పిలిచి చూపించరేం?

నమ్మకం కుదరకపోతే చెరువు దగ్గరికే రండి.

బుక్కరాయల పేరు పెట్టుకున్న ఊరు మాది. చెరువూ విజయనగర కాలం నాటిదే. కర్ణాటకలో నంది కొండల దిక్కున పుట్టి, బాగేపల్లి మీదుగా మన గడ్డ మీదికి దిగే చిత్రావతి దీనికి ప్రాణం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే నేల ఇది. ఒకప్పుడు చెరువు నిండాలంటే ఏళ్ల తరబడి మబ్బుల వైపు చూడాల్సిందే. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువల పుణ్యమా అని శ్రీశైలం నుంచి కృష్ణమ్మ కూడా ఈ దిక్కుకు వస్తోంది. అయినా సరే, చెరువు నిండిందంటే ఇక్కడ పండగే. కట్ట మీద గంగపూజ చేస్తారు, టెంకాయలు కొడతారు, పసుపు కుంకుమలు నీళ్లలో వదులుతారు. మరువ పారిందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు కట్టుకుని మరీ చూడటానికి వస్తారు. ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తారు. ఆ వీడియోల్లో వినిపించే మోత గురించే నా మాటంతా.

ఒక పొద్దున మరువకు కాస్త దూరంగా, ఒడ్డున నిలబడి కళ్లూ చెవులూ రెండూ పెట్టి గమనించాను. గోడ అంచు దాకా నీళ్లు నున్నగా, చడీచప్పుడు లేకుండా వస్తున్నాయి. అంచు మీద వంపు తిరిగి జారేటప్పుడూ చప్పుడు లేదు. కింద రాళ్ల మీద పడి, విరిగి, తెల్లబడిన చోట మాత్రం మోత మొదలైంది. ఆ తెలుపు ఎంత మేర ఉందో మోతా అంత మేరే. నాలుగు బారలు దిగువకు పోయి నురగ చెదిరి, నీళ్లు మళ్లీ మట్టిరంగుకు తిరిగిన చోట చప్పుడూ సద్దుమణిగింది. కంటికి తెలుపుగా కనిపించేదీ చెవికి హోరుగా వినిపించేదీ ఒకటే. రెండూ బుడగలే! ఈ ఒక్క సంగతి గమనించాక మరువను వెనుకటి కళ్లతో చూడటం నా వల్ల కావడం లేదు.

బుడగ ఎందుకు పాడుతుందో 1933లో మార్సెల్ మిన్నార్ట్ లెక్క కట్టి చూపించాడు. ఆయన బెల్జియంలో పుట్టి, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో సూర్యకాంతి మీద పని చేసిన ఖగోళ శాస్త్రవేత్త. పొద్దంతా సూర్యుణ్ణి చూసే మనిషి, పారే నీళ్ల పాట మీద కూడా ఒక పరిశోధన పత్రం రాశాడంటే నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

సంగతి ఇది. నీళ్లు విరిగి పడేటప్పుడు కొంత గాలి లోపలికి చొరబడుతుంది. దాని చుట్టూ నీరు తటాలున మూసుకుంటుంది. లోపలి గాలి నొక్కుకుపోతుంది. నొక్కుకున్న గాలి ఊరుకోదు, ఎదురు తిరిగి నీటిని బయటికి నెడుతుంది. ఆ ఊపులో బుడగ ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే ఉబ్బుతుంది. ఉబ్బేసరికి లోపల ఒత్తిడి తగ్గి, నీరు మళ్లీ లోపలికి దూసుకొస్తుంది. ఉబ్బడం, ముడుచుకోవడం, ఉబ్బడం, ముడుచుకోవడం, సెకనుకు వేలసార్ల వేగంతో. ఒక్కసారి కొట్టి వదిలిన గంట మోగినట్టు మోగి, రెప్పపాటుకంటే ముందే ఆగిపోతుంది. ఇందులో స్ప్రింగు పని గాలిది, బరువు పని నీటిది. ఎంత బరువు అంటారా? ఆ ఊపులో కదిలే నీరు, బుడగ పరిమాణానికి మూడింతల నీటితో సమానం. దాదాపు బరువే లేని గాలి గుక్కెడు, తనకు మూడింతల నీటిని పట్టుకుని ఊపుతుందన్నమాట.

మిన్నార్ట్ ఇచ్చిన సూత్రం నోటికి వచ్చేంత సులువు. బుడగ వ్యాసార్ధాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, 3,260ని దానితో భాగించండి. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వచ్చేస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ 3,260 సార్లు ఊగి సన్నగా కీచుమంటుంది. ఐదు మిల్లీమీటర్లదైతే 650 సార్లు, కాస్త బొంగురు గొంతు. బుడగ పెద్దదయ్యేకొద్దీ శ్రుతి దిగుతుంది. వాగు గలగలలో సన్నవీ లావువీ కలిసి వినిపించడానికి కారణం, అక్కడ చిన్నవీ పెద్దవీ వందల బుడగలు ఒక్కొక్కటీ తన శ్రుతిలో మోగడమే. మరో విచిత్రం. ఆ ఒక మిల్లీమీటరు బుడగ నీళ్లలోకి పంపే ధ్వని తరంగం పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు. బుడగకేమో ఆవగింజంత ఒళ్లు, అది పుట్టించే అలకేమో మూరెడు పొడవు!

మరి మరువ దగ్గర వినిపించే ఆ లోతైన గుమ్మనే మోత ఎక్కడిది? అంత మంద్రంగా పాడాలంటే బుడగ గుమ్మడికాయంత ఉండాలి కదా? అక్కర్లేదు. లక్షల బుడగలు ఒకచోట గుంపు కట్టినప్పుడు, ఒకదాని ఊపు పక్కదానికి తగిలి, గుంపు గుంపంతా ఒక్కటై ఊగుతుంది. అప్పుడు గుంపు మొత్తానికీ ఒక శ్రుతి వస్తుంది, అది ఏ ఒక్క బుడగ శ్రుతి కన్నా ఎంతో కిందిది. అందుకే జలపాతాల దగ్గర ఛాతీలో తగిలే మోత. చెవికి వినిపించే గలగల ఒంటరి బుడగలది, ఛాతీకి తగిలే గుమ్ము గుంపుది.

వాన సంగతి విన్నప్పుడైతే నేను నిజంగా గెంతాను. చినుకు చెరువు మీద పడితే వచ్చే చప్పుడూ ఎక్కువగా బుడగదే. చినుకు తాకిడి చేసే చప్పుడు కొంచెమే. తాకిన చోట చిన్న గుంట పడి, ఆ గుంట మూసుకుపోతూ అడుగున ఒక బుడగను వదిలిపెడుతుంది, మోగేది అదే. అయితే ప్రతి చినుకూ ఇలా పాడదు. ఇంచుమించు ఒక మిల్లీమీటరు అడ్డకొలత ఉన్న సన్న చినుకులు దాదాపు తప్పకుండా బుడగను పుట్టిస్తాయి, అది సెకనుకు సుమారు 14,000 సార్లు ఊగుతుంది. అంతకన్నా కాస్త పెద్దవి, రెండు మిల్లీమీటర్ల దాకా ఉన్నవి, మామూలుగా బుడగను పుట్టించవు. ఇంకా పెద్ద చినుకులు పుట్టిస్తాయి గానీ, వాటివి లావు బుడగలు, లావు గొంతు. అంటే నీటి అడుగున మైకు పెట్టి వింటే, పైన పడేది తుంపరో జడివానో చెవితోనే చెప్పేయొచ్చు. సముద్రాల మీద వానను ఇలా విని కొలిచే పద్ధతి ఉంది. వాన కోసం ఇంతగా మొహం వాచిన మన సీమలో, వానను వినడం గురించి తెలుసుకోవడమంటే నాకు ఒళ్లు పులకరించదా?

చేపల సంగతి చెప్పాలి. కట్ట పక్కన చేపలు కోసే ఆమె దగ్గర కూర్చున్నాను. రోహు చేప పొట్ట చీల్చి, పేగులు ఒక పక్కకు లాగి, వెన్ను కిందనున్న తెల్లటి తిత్తిని వేలితో తీసి పక్కన పడేసింది.

“అక్కా, అది నాకిస్తావా?”

“ఏం చేసుకుంటావు సామీ దాన్ని? పిల్లోళ్లు కాలి కింద ఏసి టప్పుమనిపించేదానికి అడుగుతారు.”

అరచేతిలో పెట్టుకుని చూశాను. పలచటి తెల్లని పొర, వెలుతురుకు పెడితే లోపలంతా ఖాళీ. మధ్యలో నడుము సన్నబడి రెండు గదులుగా ఉంది, ముందుది పొట్టిగా, వెనకది కోసుగా. నొక్కితే మెత్తగా లోపలికి పోయి, వదిలితే మళ్లీ బిర్రుగా ఉబ్బుతుంది. చేప నీళ్లలో మునగకుండా తేలకుండా నిలబడేది దీని వల్లనే అని బడిలో చదివాం. కానీ రోహు, బొచ్చె, బంగారుతీగ, వాలుగ వంటి చేపలకు ఇది చెవి కూడా! చేప ఒళ్లు దాదాపు నీళ్లంత చిక్కదనమే. అందుకని నీళ్లలో వచ్చే ధ్వని దాని ఒంట్లోంచి ఆగకుండా దూసుకుపోతుంది. ఆగి వణికేది ఈ గాలితిత్తి దగ్గరే, ఎందుకంటే అదీ ఒక బుడగే. ఆ వణుకును ముందు గది నుంచి లోపలి చెవికి మోసుకుపోవడానికి ఈ జాతి చేపలకు సన్నటి ఎముకల గొలుసు ఒకటి ఉంది. 1820లో వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. చేప తన పొట్టలోని బుడగతో వింటుంది. వల కట్టి, తెప్ప మీద కూర్చుని కట్టెలతో నీళ్లు దబదబా బాది చేపల్ని వల వైపు తరిమే మనవాళ్ల పద్ధతి ఎందుకు పని చేస్తుందో ఆ తిత్తిని చేతిలో పట్టుకున్నాక నాకు అర్థమైంది. ఆ బాదుడు ప్రతి చేప పొట్టలోనూ తగులుతోంది.

మనిషి చెవికి నీళ్లలో ఏమవుతుందో తెలుసుకోవాలని, నీళ్లున్న ఒక దిగుడు బావికి పోయాం. మా అక్క కొడుకును అవతలి మెట్ల దగ్గర దింపి, రెండు గులకరాళ్లు చేతికిచ్చాను. నేను ఇవతల తల ముంచాను. ముందు వాడు పైనుంచి గట్టిగా అరిచాడట. నాకు దాదాపు ఏమీ వినపడలేదు. తర్వాత నీళ్లలోపల రాళ్లు రెండూ కొట్టాడు. టక్! నా నెత్తి లోపలే కొట్టినట్టు అనిపించింది. ఎటునుంచి వచ్చిందో తెలియదు, ఎంత దూరమో తెలియదు, చప్పుడు మాత్రం పుర్రెనిండా ఉంది. తల పైకెత్తగానే వాడు, “మామా, అరిస్తే ఇనపడలేదా? అంత గట్టిగా అరిస్తి కదా!” అన్నాడు.

వినపడదు మరి. గాలిలో పుట్టిన చప్పుడు నీటి పైపొరకు తగిలి దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. లోపలికి దిగే శక్తి వెయ్యిలో ఒక వంతే. నీళ్లలోనే పుట్టిన చప్పుడు మాత్రం సెకనుకు 1,480 మీటర్ల వేగంతో, గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంతో పరుగెడుతుంది. ఈ చెవికీ ఆ చెవికీ మధ్య వచ్చే సమయం తేడాను బట్టే కదా మెదడు దిక్కు కనిపెడుతుంది. ఆ తేడా నాలుగో వంతుకు పడిపోయాక మెదడు దిక్కు తోచక నిలబడిపోతుంది. పైగా నీళ్లలో ధ్వని చెవి రంధ్రం కోసం చూడదు, పుర్రె ఎముకలోంచే లోపలికి వస్తుంది. 1826లో జెనీవా సరస్సులో కొలాడాన్, స్టర్మ్ అనే ఇద్దరు ఈ వేగాన్ని కొలిచారు. ఒక పడవలో నీళ్లలోకి గంట వేలాడదీసి కొట్టి, అదే క్షణాన మందుగుండు వెలిగించారు. 13 కిలోమీటర్లకు పైగా దూరంలో రెండో పడవలో కొలాడాన్ మంట వెలుగు చూసిన దగ్గర్నుంచి, నీళ్లలో ముంచిన రేకు గొట్టంలోంచి గంట వినిపించేదాకా సమయం లెక్క పెట్టాడు. సెకనుకు 1,435 మీటర్లు వచ్చింది. చల్లటి నీళ్లు కాబట్టి ఆ అంకె, అదీ ఎంత ఖచ్చితంగా కొలిచారో చూడండి, ఒక గొట్టంతో, ఒక గడియారంతో!

అదే బావిలో మధ్యాహ్నం ఈత కళ్లజోడు పెట్టుకుని వెల్లకిలా మునిగి పైకి చూశాను. ఆకాశం మొత్తం నెత్తి మీద ఒక గుండ్రటి కిటికీలోకి వచ్చి కూర్చుంది. ఆ చివరి మెట్టూ, ఈ చివరి మెట్టూ, గట్టు మీది వేపచెట్టూ, మెట్ల మీద కూర్చున్న వాళ్ల కాళ్లూ తలలూ అన్నీ ఆ వృత్తం అంచున నొక్కుకుపోయి ఉన్నాయి. వృత్తం దాటితే ఆకాశం లేదు. అక్కడ నీటి పైపొర అడుగు నుంచి అద్దమైపోయి, బావి గోడల పాచినీ రాళ్లనూ తలకిందులుగా చూపిస్తోంది. నేను మాట రాక అలాగే ఉండిపోయాను, ఊపిరి అందనిదాకా.

కారణం వెలుగు నడక. గాలిలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు నీళ్లలో సుమారు 2.25 లక్షలకు తగ్గుతుంది. తగ్గినప్పుడు వంగుతుంది. 180 డిగ్రీల ఆకాశమంతా వంగి వంగి 97 డిగ్రీల శంకువులోకి దిగుతుంది. మీటరు లోతున ఉంటే ఆ కిటికీ వెడల్పు రెండుంబావు మీటర్లు. ఇంకా కిందికి దిగితే ఇంకా పెద్ద కిటికీ. చప్పుడేమో నీళ్లలోకి వస్తే పరుగందుకుంటుంది, వెలుగేమో నెమ్మదిస్తుంది. రెండింటికీ దారి ఒకటే, నీరు ఒకటే, నడక మాత్రం ఎదురెదురు!

గట్టు మీదికి వచ్చాక ఇంకోటి తట్టింది. ఆ కిటికీని నాకు చూపించిందీ గాలే. ఉత్త కళ్లతో నీళ్లలో చూస్తే అంతా మసక, ఎందుకంటే కంటి ముందు పొర వెలుగును వంచేది దాని ముందు గాలి ఉన్నప్పుడే. కళ్లజోడు చేసిన పనల్లా కంటి ముందు ఒక గాలి పొరను నిలబెట్టడం. చేపకు చెవి ఇచ్చింది గాలి, మరువకు గొంతు ఇచ్చింది గాలి, మునిగిన మనిషికి చూపు ఇచ్చింది గాలి. నీళ్లలో నేను కన్నవీ విన్నవీ ఏవి పట్టుకుని లాగినా చివర ఒక గాలి తునక దొరుకుతోంది.

ఊపిరి వదిలినప్పుడు పైకి పోయే బుడగల్ని కింది నుంచి చూడండి. వెండి మెరుపు ఉంటుంది వాటికి. లోపల ఉన్నది రంగూ రుచీ లేని గాలి, మరి వెండి ఎక్కడిది? నీటిలోంచి ఏటవాలుగా బుడగ అంచుకు తగిలిన వెలుగు గాలిలోకి దూరలేక మొత్తం వెనక్కి తిరుగుతుంది. బావి కిటికీ చుట్టూ ఉన్న అద్దమే బుడగ అంచున కూడా ఉంది. అలాంటి బుడగలు లక్షలు ఒకచోట చేరితే, వెలుగు ఒకదాన్నుంచి ఇంకోదానికి తగిలి తగిలి అన్ని దిక్కులకూ చెదురుతుంది. ఏ రంగునూ మింగదు కాబట్టి అన్ని రంగులూ కలిసి తెలుపు. మట్టిరంగు చెరువు నీళ్లు మరువ కింద పాలపొంగై కనిపించేది అందుకు.

చెరువు మూలల్లో నీళ్లు కదలకుండా నిలిచిన చోట అడుగు బురదలోంచి ఒక్కో బుడగ లేచి వస్తుంటుంది. నీళ్లు తేటగా ఉన్న చోట దాని దారి చూడండి. సన్న బుడగలు నిటారుగా పైకి వస్తాయి. కాస్త లావువి అటూ ఇటూ వయ్యారాలు పోతూ, మెలికలు తిరుగుతూ వస్తాయి. ఐదు వందల ఏళ్ల కిందట లియొనార్డో డావిన్చి ఈ మెలికను గమనించి రాసి పెట్టుకున్నాడు. ఎంత లావు బుడగ నుంచి ఈ మెలిక మొదలవుతుందో లెక్క తేల్చి, ఎరాదా, ఎగర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించింది 2023లో! శుద్ధమైన నీటిలో 0.926 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాటితే బుడగ వంకర దారి పడుతుందట. మనం నిన్నమొన్నటి దాకా బుడగ ఎలా పైకి వస్తుందో కూడా పూర్తిగా తేల్చుకోలేదన్నమాట. ఇంతకన్నా సంతోషపెట్టే వార్త ఉంటుందా? తేలాల్సినవి ఇంకెన్ని ఉన్నాయో!

ఈ కథలో మన వాళ్ల పాత్ర చిన్నది కాదు. విశాఖపట్నంలో తండ్రి కాలేజీ అధ్యాపకుడిగా ఉండగా సముద్రం ఒడ్డున పెరిగిన సి.వి. రామన్, 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిమ చూసి, అది ఆకాశం నీడ కాదని అనుకున్నాడు. చేతిలోని నికల్ పట్టకంతో నీటి పైపొర తళుకును కోసేసి చూస్తే నీలం ఇంకా చిక్కబడింది. ఆ దారే 1928లో రామన్ ప్రభావానికీ, 1930లో నోబెల్‌కూ తీసుకుపోయింది. ఇదంతా అందరికీ తెలిసిందే. నాకు తెలియనిదీ, తెలిశాక నిద్ర పట్టనిదీ ఇంకోటి. హిందూపురంలో రైలెక్కితే మధ్యాహ్నానికి చేరుకునే బెంగళూరులో, 1935, 36లలో, రామన్ తన శిష్యుడు నాగేంద్రనాథ్‌తో కలిసి, ద్రవంలో పోయే ధ్వని వెలుగును ఎలా చీలుస్తుందో సిద్ధాంతం కట్టాడు. చెవికి అందనంత వేగంగా ఊగే ధ్వనిని నీళ్లలోకి పంపితే, నీరు పొరలు పొరలుగా నొక్కుకుంటూ వదులవుతూ ఉంటుంది. ఆ పొరల్లోంచి అడ్డంగా వెలుగు పంపితే, ఒక్క కిరణం అనేక కిరణాలుగా విడిపోయి అవతలి తెర మీద చుక్కల వరస పడుతుంది. 1932లోనే ఐరోపాలోనూ అమెరికాలోనూ దీన్ని కళ్లతో చూశారు, ఎందుకో ఒప్పించేలా చెప్పింది మాత్రం బెంగళూరు నుంచే. చప్పుడును కంటితో చూడొచ్చు! నీళ్ల గుండా చూడొచ్చు!

రామన్ దగ్గర కలకత్తాలో పని చేసిన మరో మనిషి సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తూ, చెవికి అందని ధ్వనులతో వాల్తేరులో పరిశోధనలు నడిపారు. తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. అదే భగవంతం గారు మా పక్కనే ఉన్న పుట్టపర్తికి వచ్చి, సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసాలను సభలో నిలబడి ఇంగ్లీషులోకి చెప్పేవారు. మా వైపు పెద్దవాళ్లలో ఆయన గొంతు విన్నవాళ్లు ఎందరో. నీళ్లలో ధ్వనీ వెలుగూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో దేశంలో బాగా తెలిసిన కొద్దిమందిలో ఒకరు మా చెరువు పక్క దారుల్లో తిరిగారని తెలిసి నాకు గుండె నిండిపోయింది.

ఇక అన్నిటికన్నా పెద్ద వింత. 1934లో జర్మనీలోని కొలోన్‌లో ఫ్రెంజెల్, షుల్టెస్ అనే ఇద్దరు నీళ్లలోకి బలమైన ధ్వని పంపుతుంటే, ఫొటో ప్లేట్ల మీద చుక్కలు పడ్డాయి. నీళ్లలోంచి వెలుగు వచ్చింది! ధ్వని ఊపుకు చిన్న బుడగ బాగా ఉబ్బి, ఒక్కసారిగా నలిగిపోయేటప్పుడు, లోపలి గాలి వేల డిగ్రీలకు కాగి, సెకనులో వంద కోట్లవ వంతు కూడా లేని కాలం మెరుస్తుంది. 1989 ప్రాంతంలో అమెరికాలో ఫెలిపే గైతాన్ ఒకే ఒక్క బుడగను ధ్వనితోనే నీళ్ల మధ్య కదలకుండా పట్టి ఉంచి, అది మళ్లీ మళ్లీ మెరవడం చూపించాడు. చీకటి గదిలో ఉత్త కంటికి కనిపించే నీలి చుక్క. ధ్వని బుడగలోకి పోయి వెలుగై బయటికి వచ్చింది. బుడగ, చప్పుడు, వెలుగు మూడూ ఒక్క చుక్కలో కలిశాయి.

మళ్లీ చెరువు దగ్గరికి వద్దాం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కడప సీమలో పోరుమామిళ్ల చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని అందులో చెప్పారు. గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, రాతి కట్ట, పని తెలిసిన కూలీల గుంపు, ఇలా. వాటిలో ఒక అంగం, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. రాయీ మట్టీతో పాటు నీళ్ల గురించి తెలిసిన మనిషిని కూడా చెరువులో భాగంగానే లెక్క వేశారు! మా బుక్కపట్నంలో పంతుళ్లను తయారు చేసే డైట్ కాలేజీ ఉంది. ఇక్కడ చదువుకున్న వాళ్లు ఎన్నో పల్లెల బడులకు పోతారు. ఆ అంగాన్ని నిలబెట్టగలిగేది వాళ్లే అని నా ఆశ, నా పోరు కూడా.

బడిలో ఇవి చూపించడానికి పరికరాలు కొననక్కర్లేదు. స్టీలు గ్లాసులో వేడి నీళ్లు పోసి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి చెంచాడు వేసి గిరగిరా కలపండి. కలిపిన వెంటనే చెంచాతో గ్లాసు అడుగున టకటకా కొడుతూ ఉండండి. మొదట బొంగురుగా పలుకుతుంది. కొట్టే కొద్దీ శ్రుతి మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతుంది. పొడితో పాటు లోపలికి పోయిన సన్న బుడగలే కారణం. నీటిలో వందో వంతు గాలి బుడగలు కలిస్తే చాలు, సెకనుకు 1,480 మీటర్లు పరుగెత్తే ధ్వని సుమారు వంద మీటర్లకు పడిపోతుంది. ఉత్త నీళ్లకన్నా తక్కువ, ఉత్త గాలికన్నా కూడా తక్కువ! బుడగలు పైకి తేలిపోయే కొద్దీ ధ్వని మళ్లీ వేగం అందుకుంటుంది, శ్రుతి ఎక్కుతుంది. పిల్లలు దీన్ని ఒకసారి విన్నారంటే ఆ రోజు ఇంట్లో కాఫీ పొడి డబ్బా దాచుకోవాల్సిందే. మళ్లీ మళ్లీ కొడతారు, కొట్టనివ్వండి.

చెరువును వినడానికి మూడడుగుల ప్లాస్టిక్ పైపు చాలు. ఒక చివర బెలూను రబ్బరు బిగించి కట్టి, ఆ చివర నీళ్లలో ముంచి, రెండో చివర చెవికి ఆనించండి. మరువకూ తూముకూ దూరంగా ఉండండి, అక్కడ నీళ్ల లాగుడు మనిషిని నిలవనివ్వదు. గట్టు దగ్గర, మోకాలి లోతున, తెప్పలు ఆగే చోట బాగా వినిపిస్తుంది. రాళ్ల సందుల్లో నీళ్లు కొట్టుకునే చోట ఒక్కో బుడగ విడివిడిగా పలుకుతుంది. సన్నగా తుంపర పడుతుంటే ఇంకా మంచిది, గొడుగు వేసుకుని వెళ్లండి. రబ్బరు మాత్రం మడతలు లేకుండా బిగుతుగా కట్టాలి, వదులైతే ఏమీ వినపడదు.